మిట్టమధ్యాహ్నపు మంచు

దండోరా డప్పు రేవు దాటి నీలిమందు గిడ్డంగి దాకా వచ్చేసరికి భ్రమరాంబ పనిబల్ల ముందు నిలబడి నాచు బూడిద తూస్తోంది. ధవళేశ్వరంలో ఆ పాత గిడ్డంగే ఇప్పుడు రాజ్య ప్రయోగశాల. కిటికీలోంచి కేక స్పష్టంగా వినబడింది.

"వేంగి మహారాజు వీరభద్రదేవులవారు వలందుల పక్షాన జావా యుద్ధంలో చేరుతున్నారహో! ఒంట్లో సత్తువున్న ప్రతి మగవాడూ కోరంగి రేవుకి రావాలహో! పడమటి గట్టు వాళ్ళు ముందు రావాలహో!"

"పడమటి గట్టు వాళ్ళు ముందేంటండి, అక్కగారూ?" అని అడిగింది మాణిక్యం. ఒకప్పుడు భ్రమరాంబ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషి, ఇప్పుడు ఆమెతో సమానంగా ప్రయోగాలు చేస్తోంది.

"ఓడినవాళ్ళు కదా. చావడానికైతే ముందు వరస వాళ్ళకే ఇస్తారు," అంది భ్రమరాంబ.

గోదావరికి అటూ ఇటూ నిలబడి అన్నదమ్ములిద్దరు సింహాసనం కోసం మూడేళ్ళు కొట్టుకున్నారు. అన్న వీరభద్రదేవులవారు తూర్పు గట్టున రాజమహేంద్రవరం కోటలో, తమ్ముడు పడమటి గట్టున కొవ్వూరులో. జనం దాన్ని గట్ల పోరు అన్నారు. ఒకే ఇంటి ఆడపడుచులు చెరో గట్టునా ఉండి, ఎవరి మగవాళ్ళు ఎవరి చేతిలో పోయారో తెలియక ఏడ్చారు. చివరికి అన్నగారు వలందులను పిలిచారు. డచ్చివాళ్ళకి మన తీరంలో ఉన్న పేరు అది. వాళ్ళ ఆవిరి ఓడలు ఫిరంగులతో కోరంగి రేవులోకి వచ్చాయి. నెల తిరక్కుండా తమ్ముడు లొంగిపోయాడు. వెయ్యేళ్ళుగా ఎవరికీ కప్పం కట్టని వేంగి రాజ్యం ఆ ఫిరంగులకు బదులు ఏమిచ్చుకుంటుందోనని అందరూ భయపడుతూనే ఉన్నారు. ఇప్పుడు తేలిపోయింది. జావా దీవిలో వలందుల మీద తిరగబడిన జనాన్ని అణచడానికి మనుషుల్ని ఇచ్చుకుంటుంది.

మనుషులతోపాటు ఇంకొకటి కూడా అడిగారని ఆ మధ్యాహ్నం తెలిసింది.

మంత్రి పెద్దిరాజు గుర్రబ్బండిలో వచ్చాడు. వెంట కెప్టెన్ డెకర్ అనే వలందు ఉన్నాడు. నరసాపురంలో పుట్టి పెరిగినవాడు కావడంతో తెలుగు మనలాగే మాట్లాడతాడు.

"అమ్మాయ్, కెప్టెన్ గారు నీ మంచు చూస్తారట," అన్నాడు మంత్రి.

నిప్పులు చెరిగే ఎండ. ఆకు కదలడం లేదు. భ్రమరాంబ, మాణిక్యం కలిసి తెప్ప మీద మూడు మట్టికుండలు పెట్టి, వాటి వత్తులు వెలిగించి నదిలోకి నెట్టారు. మొదట సన్నటి తెల్ల పొగ లేచింది. గాలిలో కంటికి కనపడని తడంతా ఆ పొగ చుట్టూ చేరింది. బరువెక్కిన పొగ నీళ్ళ మీదకి వంగి, దుప్పటిలా పరుచుకుంది. చూస్తుండగానే అవతలి గట్టు మాయమైంది, నది మధ్య వలలు వేస్తున్న పడవలు మాయమయ్యాయి. సూర్యుడు వెండి బిళ్ళలా వెలవెలబోయాడు. రావి కొమ్మ మీది కాకులు పొద్దుగూకిందనుకుని గోల మానేశాయి.

"ఈ మంచులోంచేనా లంకల జనాన్ని దాటించింది?" అన్నాడు డెకర్.

"ఇందులోంచే. ఒక్క ప్రాణం పోలేదు," అన్నాడు పెద్దిరాజు, తనే దాటించినట్టు.

ఆ మాట నిజమనే భ్రమరాంబ కూడా నమ్మింది. మడ అడవుల్లో దొరికే ఒక ఎర్రనాచును కాల్చితే వచ్చే బూడిద గాలిలోని తడిని లాక్కుంటుందని ఆమె కనిపెట్టింది. వానలు లేని ఏడాది నారుమళ్ళ మీద మంచు దింపాలని మొదలుపెట్టిన పని అది. అంతలో యుద్ధం వచ్చింది. నది మధ్య లంక గ్రామాలు రెండు సైన్యాల ఫిరంగుల నడుమ చిక్కుకున్నాయి. పడవ కదిలితే ఇటు నుంచో అటు నుంచో గుండు పడేది. లంకల్లో జనం తవుడు తిని బతుకుతుంటే భ్రమరాంబ పట్టపగలు గోదావరి మీద మంచు దింపింది. ఆమె భర్త సర్వేశ్వరం పంతులు మొదటి పడవ ముక్కున నిలబడి, వెనక పడవలు దారి తప్పకుండా గొంతెత్తి పిలుస్తూనే ఉన్నాడు. ఆ పిలుపు పట్టుకుని అందరూ గట్టెక్కారు.

డెకర్ మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని, మంచు తన వైపు రాని చోట నిలబడి ఉండడం భ్రమరాంబ అప్పుడు గమనించింది.

"అమ్మగారూ, ఇది గాలి ఆడని చోట ఎంతసేపు నిలుస్తుంది?" అని అడిగాడు.

"గాలి ఆడని చోట దీంతో పనేముంది? ఇది పడవల్ని దాచడానికి చేసింది."

"జావాలో వాళ్ళు పడవల్లో ఉండరు. కొండ గుహల్లో దాక్కుంటున్నారు, పెళ్ళాం బిడ్డలతో సహా. పడవలో గాలి తగులుతుంది. గుహలో తగలదు కదా."

అతను ధాన్యం ధర అడిగినట్టు అడిగాడు.

"ఏమంటున్నారు మీరు?"

"మా వైద్యుడు కొవ్వూరులో ఒక ధాన్యం పాతరలో పోయినవాళ్ళ సంగతి ఆరా తీశాడు. ఒంటి మీద దెబ్బ లేదు. మీ మంచు గాలిలో తడి దొరికినంతసేపు దాన్ని లాగుతుందట. దొరక్కపోతే మనిషిలో తడిని లాగుతుందట." కెప్టెన్ ఆమె ముఖం చూసి ఆగాడు. "మీకు తెలియదా? తెలుసనే అనుకున్నాం."

భ్రమరాంబ మంత్రి వైపు తిరిగింది. పెద్దిరాజు మీసం సవరించుకుంటూ నది వైపు చూస్తున్నాడు. అతనికి తెలుసు.

ఇంటికి వెళ్ళేసరికి సర్వేశ్వరం వసారాలో కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు. లంక బడిలో ఎక్కాలు చెప్తుంటే ఇవతలి రేవుకి వినబడేదని పేరున్న గొంతు ఆయనది. యుద్ధం ముగిశాక కొద్దికొద్దిగా బొంగురుపోయి, ఇప్పుడు ఎండుటాకు మీద నడిచినట్టు గుసగుస మాత్రం మిగిలింది. బడి మానేశాడు. మిరియాల కషాయాలు, తేనె, కరక్కాయ, అన్నీ అయ్యాయి.

భ్రమరాంబ ఆయన పక్కన కూలబడింది. కొన్నాళ్ళుగా ఆమెని తొలుస్తున్న అనుమానం ఇవాళ నిజమైంది.

"ఏవండీ, మీ గొంతు పోయింది నా మంచు వల్లే."

సర్వేశ్వరం ఆమె వైపు చూసి నవ్వాడు. "తెలుసు."

"తెలుసా?"

"లంకల్లో అందరికీ తెలుసు. ఆ రోజు దాటినవాళ్ళలో చాలామందికి ఇంతే. మంచు గొంతు అంటారు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నీ చెవిన వెయ్యొద్దని కట్టడి చేసుకున్నారు."

"ఎందుకండీ? నాకు చెప్పకపోతే ఎలా?"

"ప్రాణం నిలబెట్టినదాన్ని పట్టుకుని గొంతేదీ అని అడుగుతామా, భ్రమరా?"

ఆమె మోకాళ్ళ మీద తలపెట్టుకుంది. ఆయన ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. కాసేపటికి ఆమె తల ఎత్తి గుహల సంగతి, పాతర సంగతి, డెకర్ అన్న మాటలు, అన్నీ చెప్పింది. సర్వేశ్వరం చేతిలో ఉన్న కందికాయ చేటలో పడేశాడు. మొదటిసారి ఆయన ముఖంలో కోపం కనిపించింది.

"నేనక్కడ నిలబడి అరిచింది జనం బతకాలని," అన్నాడు. ఆ తర్వాత దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆమె నీళ్ళు పట్టుకుని కూర్చుంది. "గొంతు పోయినందుకు నాకు చింత లేదు. కానీ జావా వాళ్ళు మనకేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు."

"మరి?"

"ముందు కొవ్వూరు వెళ్ళాలి," అంది భ్రమరాంబ. "ఆ పాతర ఎవరిదో చూడాలి."

మర్నాడు పొద్దున్నే పడవ మీద దాటింది. కొవ్వూరు వీధుల్లో సగం ఇళ్ళకి పైకప్పుల్లేవు. తూర్పు గట్టు యాస విని ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. ఒకామె మాత్రం ఊరి చివర ఉన్న ఇల్లు చూపించింది.

చిట్టెమ్మ అనే రైతు ముసలమ్మ ఇల్లు అది. వాకిట్లో పిడకలు తిరగేస్తోంది. భ్రమరాంబ పాతర గురించి అడగ్గానే చెయ్యి ఆపింది.

"ఆ రోజు నేనూ, చిన్నోడూ గొడ్లు తోలుకుని చేలోకెళ్ళామమ్మా. గుళ్ళు పడతన్నాయని పెద్దకొడుకులిద్దరూ, కోడలూ ధాన్యం పాతరలోకి దిగి మూతేసుకున్నారు. యేటి మీంచి తెల్లగా మంచొచ్చింది. ఎండాకాలం మంచేంటా అనుకున్నాం. తిరిగొచ్చి మూత తీద్దుం కదా..." చిట్టెమ్మ పిడకను నేలకి ఆనించి నొక్కింది. "నోట్లో చుక్క తడి లేదమ్మా. ఎండబెట్టిన ఒరుగుల్లా అయిపోయారు. కోడలి కళ్ళమ్మట నీళ్ళు కూడా రాలేదు. నాకేసి చూస్తా చూస్తా పోయింది."

భ్రమరాంబ పిడకల పక్కన ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఆ మంచు దింపింది నేనేనమ్మా," అంది.

చిట్టెమ్మ కళ్ళు చిన్నవి చేసి చూసింది. తిట్టలేదు, చెయ్యెత్తలేదు.

"కావాలని చేశావా?"

"లేదు. లంకల వాళ్ళని దాటించడానికి చేశాను. ఇటు కొట్టుకొస్తుందని తెలీదు. ఇలా చేస్తుందని అసలే తెలీదు."

"తెలిసి చేసుంటే ఈ పిడకల కుప్పలోనే నిన్ను పాతేసేదాన్ని. తెలీక చేశావు." చిట్టెమ్మ లేచి పేడ చేతులు కడుక్కుంది. "ఇప్పుడు తెలిసింది కదా. మా చిన్నోణ్ణి జావా తోలుకెళ్తన్నారు. తూర్పు గట్టు కుండలు మొయ్యడానికంట. ఏ కుండలో నాకు తెలీదనుకున్నావా? తన అన్నల్ని చంపిన కుండలు ఆడు మోసుకెళ్ళి ఇంకో తల్లి బిడ్డల మీద పెట్టాలంట. దానికేం చేస్తావో చెప్పు. ఏడవడం నాకూ వచ్చు."

భ్రమరాంబ ఆ గుమ్మంలో ఏడవలేదు. తిరుగు పడవలో కూడా ఏడవలేదు.

మంత్రి పెద్దిరాజు కచేరీకి వెళ్ళి, కుండలు చెయ్యనని చెప్పింది.

"ప్రయోగశాల మహారాజుది. బూడిద మహారాజుది. నువ్వు తిన్న ఉప్పు మహారాజుది," అన్నాడు మంత్రి.

"చేతులు నావండి."

"వలందుల ఫిరంగులు రాకపోతే ఈ పాటికి ఆ తమ్ముడి చేతిలో మన తలలు ఎగిరిపోయేవి. మాటిచ్చాం. మాట తప్పితే అవే ఫిరంగులు ఇటు తిరుగుతాయి. అది ఆలోచించావా?"

"ఆలోచించాను. మన ఇంటి గొడవ తీర్చుకోలేక పొరుగువాణ్ణి పిలిచాం. ఆ పొరుగువాడి కోసం ముక్కూమొహం తెలియని పిల్లల్ని ఎండబెట్టి చంపమంటే చంపలేను. ఫిరంగులు తిరిగితే నది ఉంది, గట్లున్నాయి, రెండు వైపులా మనుషులున్నారు. ఈసారి ఒకరి మీద ఒకరు కాకుండా పోరాడదాం."

పెద్దిరాజు నవ్వాడు. "నువ్వు చెయ్యకపోతే పని ఆగిపోతుందనుకోకు. నీ మాణిక్యం ఒప్పుకుంది."

భ్రమరాంబ ప్రయోగశాలకి వెళ్ళేసరికి నిజంగానే పొయ్యిలు వెలుగుతున్నాయి. మాణిక్యం తలెత్తకుండా కుండలకి మట్టి పూస్తోంది.

"మాణిక్యం, ఆ కెప్టెన్ అన్నదంతా విన్నావు కదే?"

"విన్నానండి." మాణిక్యం గొంతు మొండిగా ఉంది. "మీకు పేరుందండి, అక్కగారూ. లంకల వాళ్ళు మీ పాదాలు కళ్ళకద్దుకుంటారు. నేనెవర్నండి? ఈ గిడ్డంగికి పెద్దదాన్ని చేస్తామన్నారు. నేను కాదంటే ఇంకొకణ్ణి తెస్తారు, అంతే కదండి?"

"తేనీ. నేర్చుకోవడానికి వాడికి ఏళ్ళు పడతాయి. వాడికి నేర్పే చెయ్యి మాత్రం నీది కాకూడదు."

మాణిక్యం మట్టి పూస్తూనే ఉంది. భ్రమరాంబ తన పాత పని గుడ్డలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేసింది.

వారం తిరక్కుండా మంత్రి మనిషిని పంపాడు. కోరంగిలో సిపాయిలు కుండలు ముట్టుకోవడం లేదట. పాతర కథ పడమటి గట్టు వాళ్ళ నోట, మంచు గొంతు కథ లంకల వాళ్ళ నోట అందరికీ పాకిపోయింది. భ్రమరాంబ వచ్చి, కుండ మీద చెయ్యి వేసి, "ఇది ఒట్టి మంచు" అని ఒక్క మాట చెప్తే చాలునట. ఆమె చెప్తే నమ్ముతారట.

"వస్తానని చెప్పు," అంది భ్రమరాంబ.

సర్వేశ్వరం ఆమె చెయ్యి పట్టుకుని ప్రశ్నార్థకంగా చూశాడు. ఏం చెయ్యబోతోందో ఆమె చెప్పలేదు. ఆయన కూడా బయల్దేరాడు.

కోరంగి రేవు జనంతో కిటకిటలాడుతోంది. కొడుకుల్ని సాగనంపడానికి రెండు గట్ల నుంచీ తల్లులు వచ్చారు. పడమటి గట్టు సిపాయిలు ముందు వరసల్లో, తూర్పు గట్టు వాళ్ళు తుపాకులతో వాళ్ళ వెనక. వలందుల ఆవిరి ఓడ సరుకులెక్కించే ధక్కాకి ఆనుకుని పొగ కక్కుతోంది. ధక్కా మీద గడ్డి పరిచి కుండలు పేర్చారు. వాటి పక్కనే తాళ్ళూ తెరచాపలూ దాచే చిన్న ఇటుకల గది ఉంది. కిటికీ లేదు.

పెద్దిరాజు ఎత్తరుగు ఎక్కి మాట్లాడాడు. మహారాజు కీర్తి సముద్రాలు దాటుతోందన్నాడు. పుకార్లు నమ్మొద్దన్నాడు. "ఇదిగో, కనిపెట్టిన తల్లే వచ్చింది. ఆవిడ నోటే వినండి!"

భ్రమరాంబ అరుగు ఎక్కింది. లంకల వాళ్ళు ఆమెని చూసి చేతులెత్తి మొక్కారు. ఆమె అందరికీ వినబడేలా చెప్పింది.

"నన్ను ఒక్క మాట చెప్పమన్నారు, ఇది ఒట్టి మంచని. నేను జీవితంలో ఏ మాటా పరీక్ష చెయ్యకుండా చెప్పలేదు. ఇవాళ కూడా పరీక్ష చేసే చెప్తాను."

అరుగు దిగి, గడ్డిలోంచి ఒక కుండ తీసి చంకనెత్తుకుంది. ధక్కా మీద మండుతున్న కాగడా దగ్గరికెళ్ళి వత్తి వెలిగించింది. ఆ ఇటుకల గది తలుపు తెరిచి, గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగింది.

"మంత్రిగారూ, రండి. ఒట్టి మంచే కదా. చల్లగా ఉంటుంది. తలుపేసుకుని కూర్చుందాం."

"ఏంటీ వేళాకోళం?" అన్నాడు పెద్దిరాజు.

"వేళాకోళం కాదండి. ఈ కుండలు మోసేవాళ్ళ ఎదురుగా మీరు లోపలికొచ్చి కూర్చోండి. కూర్చుని లేచొస్తే, నేనే ఓడెక్కి జావా వెళ్తాను. కెప్టెన్ గారూ, మీరైనా రండి. మీ వైద్యుణ్ణి కూడా తెచ్చుకోండి."

డెకర్ జేబులోంచి రుమాలు తీశాడు. మంత్రి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఒక్క అడుగే అయినా వరసల్లో ఉన్న ప్రతి సిపాయీ చూశాడు.

"రారా? సరే," అంది భ్రమరాంబ. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది.

సర్వేశ్వరానికి అప్పుడు అర్థమైంది. జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. "భ్రమరా" అని నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. తలుపు మీద పడి రెండు చేతులతో బాదాడు. తలుపు సందుల్లోంచి తెల్లటి పొగ సన్నగా కారుతోంది. ముందు వరసలోంచి చిట్టెమ్మ చిన్న కొడుకు వచ్చి భుజంతో గుద్దాడు. వెనక వరసలోంచి తూర్పు గట్టు సిపాయి తుపాకీ మడమతో కొట్టాడు. ఇద్దరూ కలిసి మూడు దెబ్బలు వేసేసరికి గడియ విరిగింది.

భ్రమరాంబని బయటికి ఈడ్చుకొచ్చారు. బతికే ఉంది. పెదాలు పగిలి నెత్తురు కూడా కారకుండా ఎండిపోయాయి. కళ్ళు ఎర్రగా, పొడిగా ఉన్నాయి. ఏదో చెప్పాలని నోరు కదిపింది. గాలి మాత్రమే వచ్చింది.

చిట్టెమ్మ వచ్చి ఆమె తలని ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు తడిపిన కొంగు నోట్లో పిండింది. తల ఎత్తి వరసల వైపు చూసి గుండెలు బాదుకుంటూ అరిచింది.

"నా బిడ్డలూ ఇలాగే ఉన్నారురా నాయనా! సూడండి! కళ్ళారా సూసుకోండి! దీన్నేనా మీరు మోసుకెళ్ళేది?"

చిట్టెమ్మ కొడుకు గడ్డిలో ఉన్న ఒక కుండని కాలితో తన్నాడు. అది దొర్లి ధక్కా అంచు దాటి నీళ్ళలో పడింది. తర్వాత ఎవరు మొదలుపెట్టారో, ఎవరు ఆపలేదో చెప్పడం కష్టం. ముందు వరసలు కుండల మీద పడ్డాయి. వాళ్ళని ఆపాల్సిన వెనక వరసలు తుపాకులు కింద పెట్టి తామూ ఒక చెయ్యి వేశాయి. ఓడ మీంచి వలందులు కాల్చారు. ఇద్దరు కుర్రాళ్ళు పడిపోయారు, ఒకడిది తూర్పు గట్టు, ఒకడిది పడమటి గట్టు. మిగతావాళ్ళు పారిపోలేదు. కుండలన్నీ ఉప్పునీళ్ళలో మునిగేదాకా ఆగలేదు. ఆ సముద్రపు పోటుకి ఓడ ఖాళీగా లంగరెత్తింది.

మహారాజు సంధి కాగితం చింపలేదు. కానీ కోరంగికి మళ్ళీ ఒక్క సిపాయీ రాలేదు. దండోరా వేస్తే వీధిలో తలుపులు మూసుకున్నారు. వలందుల నుంచి మళ్ళీ కబురు వచ్చింది. మనుషుల్ని మీరే ఉంచుకోండి, కుండలు మాత్రం పంపండి అని.

రాజద్రోహం కింద భ్రమరాంబని రాజమహేంద్రవరం కోటలో విచారించారు. సభ నిండిపోయి, మెట్ల మీద, ప్రాకారం బయట, రేవు దాకా జనం నిలబడ్డారు. ఆమెకి గొంతు లేదు కాబట్టి చేతికి పలకా బలపం ఇచ్చారు. ఆమె రాసింది చదవడానికి, అవసరమైతే ఆమె మీద సాక్ష్యం చెప్పడానికి మాణిక్యాన్ని పక్కన నిలబెట్టారు. కోరంగిలో మునిగిన కుండలు చేసింది మాణిక్యమే. ఆ రోజు రేవులో ఆమె కూడా ఉంది. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదని అంటారు.

ధర్మాధికారి ముసలివాడు. నెమ్మదిగా మాట్లాడాడు.

"మహారాజుగారు దయతలచారు. మళ్ళీ కుండలు చేస్తానని ఒప్పుకుంటే శిక్ష లేదు. ప్రయోగశాల నీదే. లేదంటే బతికినంతకాలం చెర. ఏమంటావు?"

భ్రమరాంబ ఆలోచించలేదు. పలక మీద ఒక్క మాట రాసి మాణిక్యానికి చూపించింది.

"చదువు," అన్నాడు ధర్మాధికారి.

"చెయ్యను, అని రాశారండి."

సభలో గుసగుస లేచి తగ్గింది. పెద్దిరాజు లేచి ధర్మాధికారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన తల ఆడించి మాణిక్యం వైపు చూశాడు.

"అమ్మాయ్, ఈమెకి తెలిసిన పనంతా నీకూ తెలుసు కదా?"

"తెలుసండి."

"ఈ రాజ్యంలో ఇంకెవరికైనా తెలుసా?"

"మా ఇద్దరికే తెలుసండి."

"అయితే ఈమెతో పనిలేదు. గిడ్డంగికి నువ్వే పెద్దదానివి. రేపటి నుంచి పని మొదలుపెట్టు."

మాణిక్యం భ్రమరాంబ వైపు చూసింది. భ్రమరాంబ ఆమెని చూడడం లేదు. కళ్ళతో బతిమాలలేదు, నిందించనూ లేదు. అవతల జనంలో సర్వేశ్వరం నిలబడి ఉంటే ఆయన్నే చూస్తోంది. మాణిక్యం నిలబడ్డ చోటు నుంచి కదిలి, మెట్టు ఎక్కి, ముద్దాయిలు నిలబడే కటకటాల లోపలికి వచ్చి భ్రమరాంబ పక్కన నిలబడింది. భటుడు ఆపబోయి ఆగిపోయాడు.

"నాకు తెలుసండి," అంది మాణిక్యం. "ఆ గది తలుపు పగిలాక లోపల అక్కగారెలా ఉన్నారో చూశానండి. తెలుసు కాబట్టే చెయ్యనండి."

ధర్మాధికారికి సరిగా వినబడలేదో, విన్నది నమ్మలేదో, ఇంకోసారి అడిగాడు. మాణిక్యం ఇంకోసారి చెప్పింది. ఈసారి ప్రాకారం బయట నిలబడ్డవాళ్ళకీ, వాళ్ళని దాటి రేవులో ఉన్నవాళ్ళకీ వినబడేంత గట్టిగా చెప్పింది.